కోకా సుబ్బారావుగారి భిన్నాభిప్రాయ తీర్పు: ఒక పరిశీలనము

మన సంఘముల సంచికలలో కావ్యములను గూర్చియు, గాయకులను గూర్చియు, వలస వచ్చిన పూర్వులను గూర్చియు వ్యాసములుండుట ఆనవాయితీ. ఈమారు మేమొక న్యాయస్థానపు తీర్పును, అందును ఓడిపోయిన పక్షపు తీర్పును, పరిశీలింపబూనితిమి. సంపాదకవర్గమువారు మొదట కొంత సందేహించిరి. తీర్పులు న్యాయవాదులకు గాని గృహస్థులకేల యని వారి ప్రశ్న. ఆ ప్రశ్న సబబైనదే. కాని కొన్ని తీర్పులు గృహస్థుని గడపను గూర్చియే వ్రాయబడినవి. అట్టివానిలో నిది యొకటి.

మేము దానిని వెదకి చదువుటకు కారణము మా సంఘపు బీరువాలోనున్న ఒక రిజిస్టరు. ఈ చెన్నపట్టణమున స్థిరపడిన తెలుగు కుటుంబముల ఇంటిపేర్లు, స్వస్థలములు, వృత్తులు, చిరునామాలు అందు వరుసగా వ్రాయబడి యున్నవి. చాలకాలము క్రిందట, నగరమున భాషావిషయమై కొంత అలజడి యున్న దినములలో, మామూలు దుస్తులు ధరించిన అధికారి యొకరు మా కార్యాలయమునకు వచ్చిరి. ఎంతో మర్యాదగా మాటలాడిరి. ఆ రిజిస్టరును నాలుగు దినములకై ఇచ్చి పంపుడని కోరిరి. అప్పటి కార్యదర్శిగారు కాఫీ తెప్పించి యిచ్చి, రిజిస్టరును పాత పత్రికలో చుట్టి చేతికిచ్చిరి. చెప్పిన దినమునకే అది తిరిగివచ్చినది. ఎవరికిని ఏ హానియు జరుగలేదు; ఎవరినైనను ఒక్క ప్రశ్న యడిగినవారు లేరు. ఐనను ఆ తరువాతి మాసములలో నెలసరి సభకు వచ్చువారు తగ్గిరి. ఒక బట్టలవర్తకుడు తన పేరు కొట్టివేయుడని జాబు వ్రాసెను. గ్రంథాలయమున సంతకము చేసి పుస్తకము తీసికొనిపోవు పెద్దమనిషి యొకరు, సంతకము మాని అక్కడనే కూర్చుండి చదివిపోవ మొదలిడిరి. ఏమి జరిగినదని ఎవరైన అడిగినయెడల ఏమియు జరుగలేదనియే మేము చెప్పవలసి యుండెను. ఈ ఏమియు జరుగని దానికి చట్టములో పేరు కలదా? అప్పటి నుండి ఈ ప్రశ్న మాలో నిలిచిపోయినది.

దానికి పేరు పెట్ట యత్నించిన తీర్పు 1962 డిసెంబరు 18వ తేదీన సుప్రీంకోర్టులో వెలువడినది. అది ఖరక్ సింగ్ కేసు. విన్నవారు ఆరుగురు న్యాయమూర్తులు. నలుగురి పక్షమున తీర్పు వ్రాసినవారు ఎన్. రాజగోపాల అయ్యంగారుగారు. తక్కిన యిద్దరిలో కలము పట్టినవారు కోకా సుబ్బారావుగారు. వారితో ఏకీభవించినవారు జె.సి. షా గారు. సుబ్బారావుగారు 1902లో రాజమహేంద్రవరమున జన్మించిరి. ఈ నగరముననే న్యాయవాదియై పేరు గాంచి, 1948లో మదరాసు హైకోర్టు న్యాయమూర్తియై, 1954లో గుంటూరున నెలకొన్న ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధాన న్యాయమూర్తి యైరి. పిమ్మట 1958లో సుప్రీంకోర్టునకు పోయి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి పదవి నధిష్ఠించిరి. మన ఎఱ్ఱకోటవంటి హైకోర్టు భవనము ముందు నడచిపోవునపుడు ఆయన నడచిన వరండాలు ఇవియే గదా యని మేము తలచుకొనుట కలదు. కాని తెలుగువాడు వ్రాసెను గనుక గొప్పదని చెప్పుట మా యుద్దేశము కాదు. ఆ తీర్పులో లోపము కూడ మాకు కనబడినది. అది తరువాత చెప్పెదము.

కేసు సంగతులు క్లుప్తముగా నివి. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగును 1941లో ఒక దోపిడి విషయమున పట్టుకొని, సాక్ష్యము చాలక విడిచిపెట్టిరి. విడిచిపెట్టుట మాత్రము పేరునకే. పోలీసువారు ఆయన పేర 'హిస్టరీ షీటు' తెరచిరి. ఆ రాష్ట్రపు పోలీసు నిబంధనలలో 236వది నిఘా యనగా నేమో వివరించుచున్నది: ఇంటియొద్దను ఇంటికి వచ్చు దారులయందును రహస్యముగా కాపలా యుండుట, రాత్రులందు ఇల్లు సోదాచేయ వచ్చుట, నడవడి, స్నేహములు, రాబడి, ఖర్చులను గూర్చి అప్పుడప్పుడు విచారించుట, ఊరు విడిచిపోయిన రాకపోకలను కానిస్టేబులును చౌకీదారును తెలుపుట, వానిని చీటీల మూలముగ సరిచూచుట, ఇదంతయు షీటులో నెక్కించుట. అర్ధరాత్రము తలుపు తట్టి కేకలు వేసి తన్ను లేపుదురనియు, ఊరు కదలవలెనన్న ముందుగా తెలుపవలసి యున్నదనియు ఖరక్ సింగు మొఱపెట్టుకొనెను. ఈ 'షీటు' మనవారికి కొత్త మాట కాదు. తెలుగు జిల్లాల పోలీసు స్టేషనులలో 'రౌడీషీటు' అను పేర నిదియే నేటికిని వినబడుచున్నది.

అధికసంఖ్యాకుల తీర్పు రాత్రి సోదాను కొట్టివేసినది. మనుష్యుని ఇల్లు వానికి కోట యను పాత ఆంగ్ల న్యాయసూత్రమును స్మరించి, నిద్రించువాని తలుపు తట్టుట జీవితస్వేచ్ఛకు భంగమనినది. ఇంతవరకు మెచ్చదగినదే. తక్కిన నిఘానంతయు నిలిపినది. అందులకు చెప్పిన కారణములు రెండు మనము గమనింపదగినవి. ఒకటి: సంచరించు స్వేచ్ఛ యనగా శరీరమునకు కలుగు అడ్డంకి లేకుండుటయే గాని మనస్సున కలుగు జంకునకు రాజ్యాంగములో చోటు లేదట. రెండవది: కాపలా నిజముగా రహస్యమైనచో వానికి తెలియనే తెలియదు, తెలియనప్పుడు వాని నడక కేమి భంగము? ఏకాంతమును కాపాడు హక్కు మన రాజ్యాంగమున ప్రత్యేకముగా లేదని కూడ ఆ తీర్పు చెప్పినది. అనగా గడప లోపల వాడు రాజు. గడప దాటిన తరువాత వాని వెంట నెవరు నడచినను వానికి సంబంధము లేదు.

సుబ్బారావుగారి తీర్పు దీనికంటె చాల చిన్నది. అందు పాండిత్యప్రదర్శన తక్కువ. మొదట ఆయన 19వ అధికరణమును 21వ అధికరణమును వేరువేరు గదులుగా చీల్చుటను నిరాకరించిరి. స్వేచ్ఛ యనునది పంపకములలో ఒక భాగస్థునికి పోగా మిగిలినది మరియొకనికి చెందునట్టి ఆస్తి కాదని వారి భావము. పిదప అసలు సంగతికి వచ్చిరి. వెంటాడు చూపు క్రింద నడచువాని నడక స్వేచ్ఛాసంచారము కాదనియు, అట్టివానికి దేశమంతయు చెరసాల యగుననియు వాదించిరి. కాళ్లకు వేసిన సంకెలకంటె మనస్సునకు వేసిన సంకెల బలమైనదని ఆయన గుర్తించిరి. మనుష్యుని ఏకాంతములో బుద్ధిపూర్వకముగా జోక్యము చేసికొనుటకంటె వాని సుఖమునకును ఆరోగ్యమునకును చెరుపు చేయునది లేదనిరి. అంతటితో ఆగలేదు. అట్టివాడు ఇంటికి వచ్చిన మిత్రునితో మనసు విప్పి మాటలాడలేడు గనుక వాక్స్వాతంత్ర్యమును కూడ కోల్పోవుచున్నాడనిరి. ఈ చివరి మాటయే మాకు ఆ బట్టలవర్తకుని జాబునకు అర్థము చెప్పినది. ఆయన నెవరును మాటలాడవద్దనలేదు. ఆయనయే మాటలాడుట మానెను.

ఇట ఒక మాట యొక్క సంగతి. ఆంగ్లములో 'ప్రైవసీ' యనుదానిని ఇప్పుడు 'గోప్యత' యనుచున్నారు. మా కా మాట అంతగా నచ్చదు. గోప్యమనగా దాచవలసినది, దాచవలసినది కలదనగానే వినువానికి అనుమానము పుట్టును. తప్పు చేయనివానికి దాచుటకేమున్నదని అధికారులడుగు ప్రశ్నకు ఆ మాటయే దారి చూపుచున్నది. మన ఆడువారి నోట ఇంతకంటె మంచి మాట యున్నది: గుట్టు. గుట్టుగా సంసారము చేసికొనుచున్నారనుట మన యిండ్లలో మెప్పు, నేరారోపణ కాదు. ఇంటి గుట్టు లంకకు చేటని సామెత. గుట్టు పోగొట్టుకొన్న యిల్లు ఎంత ధనమున్నను చులకన యగును. సుబ్బారావుగారు కాపాడదలచినది ఈ గుట్టును. దోపిడి కేసులో పట్టుబడినవానికిని గుట్టు కలదనుట ఆ తీర్పులోని సాహసము.

చూచుటయే ఒక శిక్ష యను సంగతిని న్యాయమూర్తులు 1962లో క్రొత్తగా కనిపెట్టలేదు. అది మన దక్షిణదేశపు బీదలకు అంతకు ముందే తెలియును. 1871లో ఉత్తరదేశమున మొదలైన నేరస్థ జాతుల చట్టము 1911లో మదరాసు రాజధానికిని విస్తరించినది. పుట్టుకతోనే మనుష్యుని పేరు పట్టీలో కెక్కుట దాని పద్ధతి. వేలిముద్ర లిచ్చుట, హాజరు పలుకుట, ఊరు దాటుటకు అనుమతిచీటి గైకొనుట, ఇవి దినచర్య. గుంటూరు మండలపు స్టూవర్టుపురమున ఎరుకల కుటుంబములను సెటిల్‌మెంటులో నుంచినది ఈ చట్టము నీడలోనే. అదే జాతివారిని తమిళదేశమున కొరవలనియు, కన్నడదేశమున కొరచలనియు అందురు. మనవలెనే వారును సరిహద్దుల కిరువైపుల నున్నవారు. మధుర జిల్లాలో దీనిని 'కైరేగై చట్టము', అనగా వేలిముద్రల చట్టము, అని పిలిచెడివారు. 1920 ఏప్రిల్ 3న పెరుంగామనల్లూరు గ్రామమున కళ్లర్లు వేలిముద్రలు వేయ నిరాకరింపగా జరిగిన పోలీసు కాల్పులలో పలువురు ప్రాణములు కోల్పోయిరి. మదరాసు రాజధానిలో ఈ చట్టము 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31నను రద్దయినది. రద్దయి పదేండ్లు దాటిన పిదప, ఒక్క మనుష్యుని షీటును గూర్చి ఆరుగురు న్యాయమూర్తులు భేదించిరి. సుబ్బారావుగారి తీర్పులో ఈ జాతుల ప్రస్తావన లేదు. ఉన్నచో ఆయన వాదమునకు మరింత బలము వచ్చియుండెడిదని మా యభిప్రాయము. చూపులో ఎట్టి హానియు లేదనువారికి స్టూవర్టుపురపు హాజరుపట్టీని చూపిన చాలును.

రాజులకు వేగులుండుట అనాదియని కొందరనవచ్చును. నిజమే. 1905లో మైసూరున ఆర్. శామశాస్త్రిగారి కంటబడి 1909లో అచ్చయిన అర్థశాస్త్రమున విద్యార్థి వేషమునను, సన్న్యాసి వేషమునను, వర్తకుని వేషమునను తిరుగు గూఢపురుషులు కలరు. తిరుక్కురళులో వేగులకై ప్రత్యేకముగ నొక అధ్యాయమే యున్నది. ఈ రెండు గ్రంథములును వేగువాని మాటను ఒక్కనిచే వినినంత నమ్మరాదనియు, మువ్వురి మాట యొక్కటైననే నమ్మవలెననియు చెప్పుట విశేషము. ఐనను ఆ జాగ్రత్త రాజు మోసపోకుండుటకే. చూడబడినవాడు రాజు నెదుట నిలిచి, నన్నేల చూచితివని అడుగుటకు ఆ గ్రంథములలో తావు లేదు. ఖరక్ సింగు అడిగెను. 1950 నాటి రాజ్యాంగము ఆ చోటు నిచ్చినది.

ఇక లోపము. సుబ్బారావుగారును, అధికసంఖ్యాకులును ఒక విషయమున ఏకీభవించిరి: 236వ నిబంధన శాసనసభ చేసిన చట్టము కాదు, శాఖాపరమైన ఉత్తర్వు మాత్రమే. కావున ప్రభుత్వము దానిని చట్టబద్ధమైన ఆంక్షగా సమర్థింపలేకపోయినది. కేసు గెలుచుటకిది సులభమార్గము. కాని ప్రభుత్వమునకు పాఠము చెప్పినది కూడ ఈ మార్గమే. చట్టము లేదన్నచో చట్టము చేసికొనిన సరిపోవును గదా! 1975లో గోవింద్ కేసున మధ్యప్రదేశ్ వారి నిబంధనలకు 1861 నాటి పోలీసు చట్టపు ఆధారము చూపబడగా న్యాయస్థానము వానిని నిలిపినది. ఎట్టి చట్టమైనచో చెల్లును, ఎవరి యనుమతి కావలెను, ఎంతకాలము చూడవచ్చును, చూచినట్లు ఎప్పుడు తెలుపవలెను అను ప్రశ్నలను సుబ్బారావుగారు ముట్టలేదు. ముట్టవలసిన అవసరము ఆనాడు లేకపోయి యుండవచ్చును. కాని అర్ధశతాబ్ది దాటిన తరువాత మన మాతీర్పును విప్పి చూచునప్పుడు ఆ ఖాళీస్థలమే ముందుగా కంటబడుచున్నది.

ఇంతకంటె లోతైనది మరియొకటి. ఆయన వాదమంతయు తన్ను చూచుచున్నారని తెలిసినవాని మనస్సుపై నిలిచినది. ఖరక్ సింగునకు తెలియును. తలుపు తట్టినవారిని ఆయన ఎరుగును. అసలు తెలియనివాని సంగతి యేమి? రహస్యమైన చూపు ఎవరిని బాధించునను అధికసంఖ్యాకుల ప్రశ్నకు ఆ తీర్పులో సూటియైన సమాధానము లేదు. నేటి నిఘా అంతయు ఆ జాతిదే. ఫోను వినువాడు తలుపు తట్టడు.

కావున ఆ తీర్పును దాని తరువాతి చరిత్రతో కలిపి చదువవలెను. 1980లో మలక్ సింగ్ కేసున, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుండి వెళ్లిన ఓ. చిన్నప్పరెడ్డిగారు పంజాబు పోలీసుల నిఘా రిజిస్టరును పరిశీలించిరి. రిజిస్టరునే తీసివేయలేదు. కాని తగిన ఆధారముతో కూడిన నమ్మకము లేక ఎవరి పేరును అందు చేర్చరాదనియు, మర్యాదకు భంగము కలుగునంతగా వెంటాడరాదనియు హద్దు గీచిరి. 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి యొకరు రౌడీషీటులకు ఆధారమైన పోలీసు స్టాండింగు ఆర్డర్లు చట్టము కావని తీర్పు చెప్పిరి. అనగా అరువది యేండ్ల పిమ్మట మరల అదే వాదము. బ్యాంకులలో దాచిన కాగితములను తనిఖీ చేయుటకు కలెక్టరు నియమించినవాని కెవనికైనను అధికారమిచ్చిన ఆంధ్రప్రదేశ్ స్టాంపుల చట్ట సవరణ సుప్రీంకోర్టున 2004 నవంబరులో చెల్లకపోయినది కూడ ఈ పరంపరలోనిదే. కాగితము బ్యాంకు చేతిలో నున్నంత మాత్రమున గుట్టు బ్యాంకుది కాదని ఆ కేసు తేల్చినది.

వినుట విషయమునకు వత్తము. 1885 నాటి టెలిగ్రాఫు చట్టపు 5వ సెక్షను ప్రజా అత్యవసర పరిస్థితియందును, ప్రజాభద్రత దృష్ట్యాను వార్తలను అడ్డగించి వినుటకు ప్రభుత్వమున కధికారమిచ్చినది. 1898 నాటి తపాలా చట్టము ఉత్తరములు విప్పుటకిచ్చినది. వలస వచ్చిన కుటుంబములకు ఉత్తరమెంత ప్రాణమో వేరుగ చెప్పనక్కరలేదు. పెండ్లి సంబంధములు, పొలము తగాదాలు, తల్లి జబ్బు, అన్నియు ఆ కవరులోనే వచ్చెడివి. అంటు సరిగా లేని కవరు చేతికి వచ్చిననాడు ఎవరు చదివిరో యని మా యింటిలోనే ఒక పూట చర్చ జరిగెడిది. 1986లో ఉత్తరములు విప్పు అధికారమును మరింత విస్తరించు బిల్లు పార్లమెంటున నెగ్గినను రాష్ట్రపతి జైల్‌సింగుగారు దానిపై సంతకము చేయక యుంచిరి.  పై రెండు చట్టముల స్థానమున 2023 నాటి తపాలా కార్యాలయ చట్టమును, అదే సంవత్సరపు టెలికమ్యూనికేషనుల చట్టమును వచ్చినవి. పేర్లు మారినవి; విప్పు అధికారము, విను అధికారము అట్లే యున్నవి.

ఖరక్ సింగు తీర్పు వెలువడిన తేదీ నాడే, సరిగా 34 సంవత్సరములకు, 1996 డిసెంబరు 18న ఫోనులు వినుటను గూర్చిన పి.యు.సి.ఎల్. కేసున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. టెలిఫోను సంభాషణ గుట్టులోని భాగమని ఒప్పుకొన్నది. హోం కార్యదర్శి ఉత్తర్వు కావలెననియు, అది రెండు మాసములకే చెల్లుననియు, ఎంత పొడిగించినను ఆరు మాసములు దాటరాదనియు, పై అధికారుల సంఘము దానిని పునఃపరిశీలింపవలెననియు నియమములు పెట్టినది. న్యాయమూర్తి ముందస్తు అనుమతి కావలెనన్న వాదమును మాత్రము, చట్టములో లేనిదానిని మేము చేర్చలేమని త్రోసిపుచ్చినది. 2024 డిసెంబరులో వచ్చిన క్రొత్త నియమములును ఈ త్రోవనే నడచినవి. ఉత్తర్విచ్చువారు కార్యదర్శులు, సరిచూచువారును కార్యదర్శులే. ఇంటి యజమాని తన జమాఖర్చులను తానే తనిఖీ చేసికొనిన చందమున నున్నది.

2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గుట్టు ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగ తేల్చి, ఖరక్ సింగు కేసులోని వ్యతిరేకభాగమును రద్దుచేసి, సుబ్బారావుగారి మాటయే సరియైనదని నిలువబెట్టినది. ఆధారు పథకముపై 2012లో పిటిషను వేసి ఈ చర్చకు కారకులైనవారు కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామిగారు. వారు 2024లో, తొంబదియెనిమిదేండ్ల వయసున పరమపదించిరి. తొమ్మండుగురిలో కృష్ణాజిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వరుగారొకరు. చట్టముండవలెను, సరియైన ప్రయోజనముండవలెను, ప్రయోజనమునకు తగినంతకు మించి జోక్యముండరాదు అని ఆ తీర్పు కొలతలు పెట్టినది. సుబ్బారావుగారు విడిచిన ఖాళీలో ఇది కొంత పూరించినది. 1962లో ఓడిన మాట 55 యేండ్లకు గెలిచినది. మన సంచికలలో ఇట్టి సందర్భమున జయజయధ్వానములు చేయుట వాడుక. మేమా పని చేయజాలము.

ఏలన, హక్కు గెలిచినను తెలియనివాని కష్టము తీరలేదు. 2018 డిసెంబరు 20న కేంద్ర హోం మంత్రిత్వశాఖ పది సంస్థల పేర్లు ప్రకటించి, కంప్యూటరులలోని సమాచారమును పట్టి చదువు అధికారము వానికి కలదనినది. 2021లో పెగాసస్ అను దొంగచూపుల సాధనము ఫోనులలో చొప్పింపబడినదను ఆరోపణ రాగా, ఆ యేడు అక్టోబరు 27న తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణగారి ధర్మాసనము, దేశభద్రత యను మాట ఉచ్చరించినంత మాత్రమున న్యాయస్థానము కన్నులు మూసికొనదని చెప్పి విచారణ సంఘమును నియమించినది. ఆ సంఘము పరీక్షించిన 29 ఫోనులలో ఐదింట ఏదో హానికరమైన సాధనము కనబడినదనియు, అది పెగాససే యని నిశ్చయింప వీలుకాలేదనియు, ప్రభుత్వము సహకరింపలేదని సంఘము తెలిపినదనియు 2022 ఆగస్టులో న్యాయస్థానమున చెప్పబడినది. తెలంగాణమున 2024లో ఫోనులు విన్నారను ఆరోపణపై పోలీసు అధికారులే అరెస్టయిరి. దానిలోని నిజానిజములు తేల్చవలసినది న్యాయస్థానము. హైదరాబాదు వీధిలో పోలీసులాపి ముఖమునకున్న మాస్కు తీయించి ఫోటో తీసిన ఒక సామాజిక కార్యకర్త, ముఖమును గుర్తించు యంత్రములను ప్రశ్నించుచు తెలంగాణ హైకోర్టు కెక్కిరి. ఆయనకు తెలిసినది గనుక ఎక్కిరి.

మన నగరపు కేసు ఒకటి చెప్పక తీరదు. 2011లో కేంద్ర హోం శాఖ ఇచ్చిన ఫోను వినికిడి ఉత్తర్వు నొకదానిని మదరాసు హైకోర్టు 2025 జూలై 2న కొట్టివేసినది. ప్రజా అత్యవసరమును లేదు, ప్రజాభద్రతకు ముప్పును లేదు. నేరమును రహస్యముగ కనిపెట్టుటకే వినుట ఆ చట్టమున చెల్లదని న్యాయమూర్తి తేల్చిరి. విన్నదానిని పునఃపరిశీలన సంఘము ముందుంచలేదని కూడ గుర్తించిరి. అనగా అధికారులు తమ్ము తాము సరిచూచుకొను ఆ కాస్త ఏర్పాటు కూడ జరుగలేదు. ఉత్తర్వునకును తీర్పునకును నడుమ పదునాలుగేండ్లు గడచినవి. ఆ ఫిర్యాదికి తన ఫోను వినుట తెలిసినది, విన్నదానిని ఆయనపై క్రిమినలు కేసున వాడినందుననే. కేసు పెట్టక, విని ఊరకున్నవారి సంగతి ఎన్నటికి బయటపడును? అట్టివాడు న్యాయస్థానమునకు పోవలెనన్నను చేత కాగితము లేదు. మా దృష్టిలో ఇందులకు కావలసినవి రెండు: వినుటకు ముందు, వినగోరు శాఖకు వెలుపలనున్న న్యాయమూర్తి అనుమతి, అవసరము తీరిన తరువాత, నిన్ను విన్నామని వినబడినవానికి తెలుపు జాబు. దొంగలను పట్టవద్దని మే మనుట లేదు. రైలు పట్టాలపై బాంబు పెట్టువాని మాటలు వినక తప్పదని మాకును తెలియును. కాని వినుటకు వచ్చినవాడు న్యాయమూర్తి వాకిట ఒక గడియ నిలిచినంతనే దేశము మునిగిపోదు.

సుబ్బారావుగారు ఈ రెండును వ్రాయలేదు. అయితే తెలియనివాని బాధకు ఆయన తీర్పులోనే బీజము కలదని మాకు మరల చదువగా తోచినది. ఒకని వెంట నీడ యున్నదని ఊరందరికి తెలిసిననాడు, తన వెంట లేదని రూఢిగా చెప్పగలవాడు ఊరిలో నెవడు? మా రిజిస్టరు పోయిన నాలుగు దినములలో అందులోని ఏ పుటను ఆ అధికారి చదివిరో మాకు తెలియదు. పేరున్న ప్రతివాడును తన పుటనే చదివిరనుకొనెను.

ఆ రిజిస్టరు ఇప్పుడు కంప్యూటరులో నున్నది. దానిని దాచు మన బాధ్యతను గూర్చి 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. నియమములు 2025 నవంబరులో వెలువడినవి. చట్టములోని విధులు మన వంటి చిన్న సంఘములను కూడ తాకును. అదే చట్టము, దేశభద్రతాది కారణములపై తాను ప్రకటించిన సంస్థలకు మినహాయింపు నిచ్చు అధికారమును కేంద్రప్రభుత్వమునకు విడిచినది. కార్యదర్శిగారు తాళముచెవి నెక్కడ పెట్టిరని చట్టమడుగును; తాళము లేకయే తలుపు తీయగలవారి నడుగదు.

గత మాసపు కార్యవర్గ సమావేశమున క్రొత్త సభ్యత్వ పత్రము చర్చకు వచ్చినది. పేరు, ఫోను చాలునని పిన్నలనిరి. స్వస్థలపు గడిని తీసివేసినచో తమ పూర్వు లే యూరినుండి వచ్చిరో మనుమలకు చెప్పు కాగితము మరొకటి లేదని పెద్దలు పట్టుబట్టిరి. ఇరువురి మాటయు నిజమే. మూడు తరములుగా తమిళ వీధులలో నున్న యింటికి గోదావరి యొడ్డున ఒక పల్లె పేరు మిగిలియుండుట ఆ గడివలననే; పరాయివాడు ఆ పట్టీ తెరచిన క్షణమున వీరెవరో తెలియుటయు ఆ గడివలననే. పూర్వపు రిజిస్టరును ఇచ్చిన కార్యదర్శిగారి కుమారుడు ఆ సభలోనే యుండి ఏమియు మాటలాడలేదు. అధికారికముగ వ్రాతపూర్వకమైన ఉత్తర్వు చూపనిదే పట్టీని ఎవరికి నీయరాదను తీర్మానము మాత్రము ఏకగ్రీవముగ నెగ్గినది. గడి యుండవలెనా వలదా యనునది రాబోవు సర్వసభ్య సమావేశపు నాల్గవ అంశము.